మోత పెరిగితే మాట వినపడదు

సినిమాలో డైలాగ్ ఎందుకు మునిగిపోతుంది? సభలో మైకు ఎందుకు కూస్తుంది? స్టూడియోలో అన్ని నాబ్‌లు తిప్పి ఏం చేస్తారు? ఆడియో మిక్సింగ్‌లో రోజూ వాడే మాటలు, వాటి వెనకున్న పని

రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ ఓటీటీలో సినిమా పెట్టుకుంటారు. తండ్రీ కొడుకులు గొంతు తగ్గించి మాట్లాడుకునే సీను. ఏమన్నారో తెలియదు. రిమోట్ చేతిలో ఉన్నవాళ్లు వాల్యూమ్ 18 నుంచి 30కి తీసుకెళ్తారు. మరుక్షణమే ఫైటు. కిటికీ అద్దాలు అదురుతాయి, పక్క గదిలో పసిపిల్ల లేస్తుంది, ‘తగ్గించండి బాబూ’ అని లోపల్నుంచి కేక. రెండున్నర గంటల సినిమాలో సగం సేపు రిమోట్‌తో కుస్తీయే. చివరికి విసుగెత్తి సబ్‌టైటిల్స్ పెట్టుకుంటారు. తెలుగు సినిమాని తెలుగువాళ్లు ఇంగ్లిష్ అక్షరాలు చదువుకుంటూ చూసే రోజు వచ్చిందన్నమాట.

లోపం చెవిలో లేదు. పూర్తిగా టీవీలోనూ లేదు. వాల్యూమ్ ఒకే ఒక్క మీట. మాటనీ మోతనీ కలిపే పెంచుతుంది, కలిపే తగ్గిస్తుంది. ఆ రెంటినీ విడదీసి మాటకి చోటు చేసిపెట్టే పని సినిమా మన ఇంటికి రాకముందే జరిగి ఉండాలి. దాన్నే సినిమావాళ్లు ‘ఫైనల్ మిక్స్’ అంటారు. విడుదల తేదీ నెత్తిమీదికొచ్చాక మిగిలిన ఆ కాస్త సమయంలో జరిగేది కాబట్టి తరచూ నలిగిపోయేదీ అదే.

గెయిన్, ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్, లిమిటర్... ఈ మాటలు ఇప్పుడు స్టూడియో గోడలు దాటేశాయి. యూట్యూబ్ ఛానల్ పెట్టుకున్న కుర్రాడి ల్యాప్‌టాప్‌లో, అన్నమయ్య కీర్తన పాడి రికార్డు చేసుకునే అమ్మాయి ఫోన్‌లో, పెళ్లిళ్లకి సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే ఆసామి మిక్సర్ మీద ఇవే కనిపిస్తున్నాయి. వీటిని పేర్ల పట్టికలా బట్టీ పడితే నాలుగో రోజుకి ఒక్కటీ గుర్తుండదు. మాట వినపడాలన్న ఒక్క పని పెట్టుకుని బయల్దేరితే మాత్రం దారిలో అన్నీ వాటంతటవే తగులుతాయి. ఒక సంగతి ముందే చెప్పేయాలి. ఈ పనిలో పెంచడం కన్నా తగ్గించడమే ఎక్కువ.

సున్నా కింది లెక్క

మిక్సర్ మీటర్ చూస్తే అంకెలన్నీ మైనస్‌లో ఉంటాయి: మైనస్ 6, మైనస్ 12, మైనస్ 40. డిజిటల్‌లో సున్నాయే ఆఖరి మెట్టు, ఆ పైన ఇంకేమీ లేదు. అక్కడి నుంచి ఎంత కింద ఉన్నామో డెసిబెల్స్‌లో చెబుతారు. టెలిఫోన్ తీగల మీద పోయేకొద్దీ మాట ఎంత నీరసపడుతోందో కొలుచుకోవడానికి 1920ల్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లు తయారుచేసుకున్న కొలత ఇది. అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరే దీనికి పెట్టారు.

ఇది కూడికల లెక్క కాదు, రెట్ల లెక్క. 6 డీబీ పెరిగితే సిగ్నల్ వోల్టేజీ రెట్టింపు, 20 డీబీ పెరిగితే పది రెట్లు. చెవి మాత్రం అంత తొందరగా ఒప్పుకోదు. సుమారు 10 డీబీ పెరిగితే గానీ ‘ఇప్పుడు రెట్టింపు గట్టిగా ఉంది’ అనిపించదు. 100 వాట్ల ఆంప్లిఫయర్ తీసేసి 200 వాట్లది పెడితే వచ్చే తేడా 3 డీబీయే. డబ్బు పోసి కొన్నాయన ‘ఏదీ, పెద్ద తేడా లేదే’ అని పెదవి విరిస్తే ఆ తప్పు కొట్టువాడిది కాదు.

సున్నా దాటబోయిన సిగ్నల్ దాటదు, దాని తల తెగుతుంది. గుండ్రంగా తిరగాల్సిన తరంగం కొస బల్లపరుపుగా కోసుకుపోతుంది. అదే క్లిప్పింగ్. చెవికి గరగరమంటుంది. అలా రికార్డయ్యాక ఫేడర్ కిందికి లాగితే గరగర చిన్నదవుతుందే గానీ పోదు.

గెయిన్‌కీ ఫేడర్‌కీ తేడా తెలియాల్సింది ఇక్కడే. మైకు నుంచి వచ్చే సిగ్నల్ బహు స్వల్పం, మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాన్ని మిక్సర్‌కి పనికొచ్చే స్థాయికి మొదటి మెట్టులోనే లేపేది గెయిన్. 40, 50, ఒక్కోసారి 60 డీబీ దాకా లేపాల్సి వస్తుంది. అలా లేచి వచ్చినదాన్ని మిగతావాటి పక్కన ఎంత వినిపించాలో తేల్చేది ఫేడర్. గెయిన్ పిసినారిగా పెట్టి తర్వాత ఫేడర్లన్నీ పైకి తోస్తే మాటతోపాటు మిక్సర్ సొంత హిస్సు కూడా లేస్తుంది. గెయిన్ ధారాళంగా పెడితే ఎర్ర దీపం, గరగర. 16 బిట్ రికార్డింగ్‌లో మెల్లనిదానికీ గట్టిదానికీ మధ్య 96 డీబీ జాగా ఉంటుంది. 24 బిట్‌లో లెక్క ప్రకారం 144 ఉంటుంది. కాబట్టి ఇప్పుడు సున్నాని అంటిపెట్టుకుని రికార్డు చేయాల్సిన పనే లేదు. గొంతు బాగా పైకి లేచిన చోట కూడా మైనస్ 12 దగ్గర ఆగేలా పెట్టుకుంటే హఠాత్తుగా వచ్చే నవ్వుకీ, కేకకీ చోటు మిగులుతుంది.

44.1, 48 అనే అంకెలు కూడా కనిపిస్తుంటాయి. సెకనుకి ఎన్ని వేలసార్లు ధ్వనిని కొలిచి రాసుకుంటున్నామన్నదే ఆ లెక్క. 1982లో వచ్చిన సీడీకి 44,100 సార్లు, సినిమాకీ వీడియోకీ 48,000 సార్లు. మనిషి చెవి వినేది ఎక్కువలో ఎక్కువ 20,000 హెర్ట్జ్. దానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చాలునని నైక్విస్ట్, షానన్ ఎప్పుడో లెక్క తేల్చారు. డబ్బా మీద 192 అని అచ్చేసి అమ్మేవాటికి మురిసిపోనక్కర్లేదు.

వక్త వెనక్కి, గెయిన్ పైకి

ఏదో ఒక ఊళ్లో సన్మాన సభ. స్పీకర్ బాక్సులు వేదిక మీదే, వక్త వీపు వెనక పెట్టారు. ముఖ్య అతిథి లేచి మైకు మీద వేలితో టకటక కొట్టి, రెండుసార్లు ఊది, ‘హలో, వినపడుతోందా’ అంటారు. కుయ్‌మని కూత. ఆయన ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంటారు. మైకులోకి మాట తగ్గుతుంది. వెనక వరసల నుంచి ‘వినపట్లే’ అని అరుపు. మైకుసెట్ అబ్బాయి గెయిన్ పెంచుతాడు. మళ్లీ కూత, ఈసారి ఇంకా పెద్దది. ఆయన ఇంకో అడుగు వెనక్కి. అబ్బాయి ఇంకో గీత పైకి.

స్పీకర్‌లోంచి వచ్చింది మళ్లీ మైకులో దూరుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని ఇంకాస్త పెంచి మళ్లీ స్పీకర్‌కే పంపుతుంది. ఈ చక్రంలో ఏ ఒక్క ఫ్రీక్వెన్సీ అయినా చుట్టుచుట్టుకీ పెరుగుతూ పోతే అదొక్కటే అరవడం మొదలుపెడుతుంది. అదే ఫీడ్‌బ్యాక్. మందు గెయిన్‌లో లేదు, దూరంలో ఉంది. నోటికీ మైకుకీ మధ్య దూరం సగానికి తగ్గిస్తే సుమారు 6 డీబీ ఊరికే వస్తుంది. అడుగు దూరంలో ఉన్నాయన మూడంగుళాలకి వస్తే 12 డీబీ. అంత మేర గెయిన్ దించుకోవచ్చు, కూత ఆగిపోతుంది. స్పీకర్లేమో వక్తకన్నా ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. ఇంతే సంగతి. దీనికోసం కొత్త మైకు కొనక్కర్లేదు.

కొందరు గాయకులు మైకు తలకాయని గుప్పిట్లో మూసి పట్టుకుంటారు. చూడ్డానికి స్టైలుగానే ఉంటుంది. సభల్లో వాడేవి ఎక్కువగా కార్డియాయిడ్ మైకులు. ముందు నుంచి వచ్చేది బాగా వింటాయి, వెనక నుంచి వచ్చేది పట్టించుకోవు. జాలీ వెనకవైపు సందుల్లోంచి కూడా గాలి లోపలికి వెళ్తుంది కాబట్టే అది సాధ్యం. చెయ్యి అడ్డం పెడితే ఆ దారి మూసుకుపోయి మైకు నాలుగు పక్కలా వినడం మొదలుపెడుతుంది. కూత ఖాయం.

కూత కాకుండా అడుగు నుంచి ‘గుమ్మ్’మని ఆగకుండా వినిపించేది హమ్. మన ఇళ్లలో వచ్చే ఏసీ కరెంటు 50 హెర్ట్జ్‌ది. ల్యాప్‌టాప్ ఒక మూల ప్లగ్గులో, మిక్సర్ ఇంకో మూల ప్లగ్గులో ఉండి, వాటి మధ్య ఆడియో తీగ కూడా ఉంటే ఎర్తుకి రెండు దారులు ఏర్పడతాయి. ఆ చుట్టులో తిరిగే కరెంటే 50 దగ్గరా, 100 దగ్గరా మోగుతుంది. ఎర్తు పిన్ను పీకేసి ‘పోయింది చూశారా’ అనే వీరులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అది ప్రాణాలతో చెలగాటం. రెంటినీ ఒకే బోర్డుకి పెట్టాలి, లేదా మధ్యలో డీఐ బాక్స్ పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కాలి.

పొడుగువాళ్లు కాస్త వంగండి

సరే, మాట శుభ్రంగా రికార్డయింది. అయినా నేపథ్య సంగీతం రాగానే మునిగిపోతోంది. ఫేడర్ పెంచితే చెవుల్లోకి పొడుచుకొస్తోంది, దించితే ఆనడం లేదు. ఒకే ఫ్రీక్వెన్సీ ప్రాంతంలో రెండు శబ్దాలుంటే గట్టిది మెల్లనిదాన్ని కప్పేస్తుంది. దీన్ని మాస్కింగ్ అంటారు. పెళ్లి గ్రూప్ ఫొటోలో వెనక వరసలో చిక్కుకుపోయిన పొట్టి మేనత్తని చూపించాలంటే ఆవిడకి స్టూలు వేయొచ్చు. తెలివైన ఫొటోగ్రాఫరు మాత్రం ముందు నిలబడ్డ పొడుగు బావగార్లని కాస్త వంగమంటాడు. ఈక్వలైజర్‌తో, అంటే ఈక్యూతో, మంచి ఇంజినీర్ చేసేది ఈ రెండో పనే.

మామూలు మాటల్లో మగ గొంతు శ్రుతి సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్, ఆడ గొంతుది 165 నుంచి 255. అచ్చులకి బలమంతా 1000 లోపే ఉంటుంది. కానీ మాట అర్థమయ్యేది హల్లులతో. క, చ, ట, త, ప అనే విరుపులని ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చెప్పే సంగతి 2000 నుంచి 4000 మధ్య బాగా ఉంటుంది. పాత టెలిఫోన్ 300 నుంచి 3400 వరకే మోసేది, అయినా మాట పోయేది కాదు. మనిషి చెవి అన్నింటికన్నా చురుగ్గా ఉండేదీ ఆ 2000, 4000 మధ్య ప్రాంతంలోనే. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే ఈ సంగతి వక్రరేఖలు గీసి చూపించారు. చిక్కేమిటంటే వయొలిన్ల మెరుపు, తాళాల గణగణ, ఎలక్ట్రిక్ గిటార్ కరుకుదనం కూడా అక్కడే ఉంటాయి. డైలాగ్ నడుస్తున్నంతసేపూ సంగీతంలో ఆ ప్రాంతాన్ని రెండు మూడు డీబీలు దించితే సంగీతం తగ్గినట్టు వినేవాడికి తెలియదు. మాట మాత్రం నిలబడుతుంది.

పారామెట్రిక్ ఈక్యూలో మూడు నాబ్‌లుంటాయి. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర, ఎంత పెంచాలి లేదా దించాలి, చుట్టుపక్కల ఎంత మేర. ఆ మూడోదాని పేరు క్యూ. ఆ అంకె పెద్దదయ్యేకొద్దీ కోత సన్నబడుతుంది. సభలో కూసే ఒక్క ఫ్రీక్వెన్సీని పట్టుకుని తీసేయడానికి సన్నని కోత కావాలి. గొంతుకి రంగు దిద్దడానికి వెడల్పాటిదే నప్పుతుంది. ఈ పద్ధతిని 1972లో ఒక పత్రంలో వివరించినవాడు జార్జ్ మాసెన్‌బర్గ్. ఇప్పుడు ఉచితంగా దొరికే యాప్‌లో కూడా అదే వస్తోంది.

గొంతు మీద మొట్టమొదట నొక్కాల్సింది హై పాస్ ఫిల్టర్. 80 హెర్ట్జ్ కిందున్నదంతా, అంటే ఏసీ గుమ్మనడం, బయట లారీ, బల్ల మీద మోచెయ్యి ఆనిన దడ, తీసేస్తుంది. మైకుకి మరీ దగ్గరగా మాట్లాడితే కింది స్వరాలు ఉబ్బుతాయి. రేడియో గొంతు అని కొందరు ముచ్చటపడేది దీన్నే. మోతాదు మించితే 200 నుంచి 400 మధ్య మాట మొద్దుబారుతుంది, అక్కడ కాస్త దించాలి. స, శ, ష లు సూదిలా గుచ్చుకుంటే 5000 నుంచి 8000 మధ్య కాపలా కాసి, అవి వచ్చినప్పుడే నొక్కే డీఎస్సర్ ఉంది. ప, ఫ, భ లతో వచ్చే గాలిదెబ్బకి మాత్రం సాఫ్ట్‌వేర్ కన్నా మైకు ముందు పెట్టే పాప్ ఫిల్టరే మేలు. ‘ప్రభుత్వం’, ‘భారీ ప్రాజెక్టు’, ‘ఫలితాలు’... వార్తలు చదివేవాళ్ల పాలిట పగవాళ్లు ఈ మాటలే.

వాక్యం చివరి అక్షరం

తెలుగులో క్రియ వాక్యం చివర్లో వస్తుంది. మనిషి ఊపిరేమో వాక్యం చివరికొచ్చేసరికి అయిపోతుంది. ‘వాడు రేపు వస్తాడు’ అన్నారా, ‘వస్తాడా’ అన్నారా, ‘వస్తాడట’ అన్నారా? తేడా అంతా గొంతు దిగిపోయిన ఆ చివరి అక్షరంలోనే ఉంది. ‘నేను చెప్పాను’, ‘నేను చెప్పలేదు’ కూడా అంతే. తెలుగు డైలాగ్ మిక్స్ చేసేవాళ్లకి అసలు పరీక్ష ఇక్కడే. గట్టిగా మొదలై మెల్లగా ముగిసే వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా చెవికి అందేలా ఉంచాలి.

మొదట్లో ఇంజినీర్లు ఈ పని చేత్తోనే చేసేవారు. గాయకుడు తారస్థాయి అందుకోబోతుంటే ఫేడర్ దించి, మంద్రానికి దిగితే పెంచేవారు. చెయ్యి ఆలస్యమవుతుంది కాబట్టి అదే పని చేసే సర్క్యూట్ కట్టారు. అదే కంప్రెసర్. దాని మీదున్న పేర్లన్నీ ఒక్క లెక్కతో తెలిసిపోతాయి. థ్రెషోల్డ్ మైనస్ 18, రేషియో 4:1 పెట్టామనుకుందాం. గొంతు మైనస్ 18 దాటనంతవరకు కంప్రెసర్ దాని జోలికి పోదు. ఒక కేక మైనస్ 6 దాకా లేచింది. అంటే గీత మీద 12 డీబీ. రేషియో 4 కాబట్టి 12కి బదులు 3 మాత్రమే పైకి వదులుతుంది. బయటికొచ్చేది మైనస్ 15. నొక్కింది 9 డీబీ. కేకకీ గుసగుసకీ మధ్య అంతరం అంత మేర తగ్గింది. ఇప్పుడు మొత్తాన్ని కొంత లేపితే, దాన్ని మేకప్ గెయిన్ అంటారు, వాక్యం చివరి ‘లేదు’ కూడా లేచి వస్తుంది.

గీత దాటాక ఎంత సేపట్లో నొక్కాలో చెప్పేది అటాక్, ఎంత సేపట్లో వదలాలో చెప్పేది రిలీజ్. డప్పు మీద అటాక్ 1 మిల్లీసెకను పెట్టి చూడండి, దెబ్బలోని పదునే ముందు చచ్చిపోతుంది. 30 పెడితే ఆ మొదటి ‘ఠప్’ తప్పించుకుని బయటపడుతుంది, తర్వాతి మోగుడు మాత్రం అణుగుతుంది. దరువుకి కొత్త ప్రాణం వస్తుంది. రిలీజ్ తప్పితే సంగీతం మొత్తం ఎగిరెగిరి పడుతున్నట్టు తెలిసిపోతుంది. దానికి పంపింగ్ అని పేరు. ఎఫ్‌ఎం రేడియోలో ఆర్జే నోరు విప్పగానే పాట తగ్గి, ఆపగానే లేచేది కూడా కంప్రెసర్ మహిమే. అక్కడ నొక్కుడు పడేది పాట మీద, మీట ఉండేది గొంతు చేతిలో. సైడ్‌చెయిన్ అంటే అదే.

కంప్రెసర్‌తో ఒక పేచీ ఉంది. మెల్లని మాటతోపాటు మెల్లగా తిరిగే ఫ్యానుని కూడా లేపుతుంది. అందుకని కొందరు నాయిస్ గేట్ తగిలిస్తారు. ఒక గీత కన్నా కిందున్నదాన్ని పూర్తిగా మూసేస్తుందది. పైన చెప్పిన చివరి అక్షరాలు ముందు బలైపోయేది దాని చేతిలోనే. ఫ్యాను ఆపి రికార్డు చేసుకోవడం కన్నా మంచి గేటు లేదు.

పొడి గొంతుకి గది కట్టడం

తెలుగు సినిమాల్లో ఎక్కువభాగం షూటింగ్‌లో పట్టిన మాటని వాడరు. తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో చెప్పించుకుంటారు. అక్కడ గోడలు శబ్దాన్ని మింగేస్తాయి. వచ్చేది పొడి గొంతు, ‘డ్రై’ అంటారు. తెర మీద హీరో కోట బురుజు మీద నిలబడి ఉంటాడు, గొంతేమో పరుపుల కొట్టులోంచి వస్తుంటుంది. ఆ గొంతు చుట్టూ కోట కట్టేది రివర్బ్. గోడలకి తగిలి వేల ముక్కలై తిరిగొచ్చే శబ్దపు తోకే అది. ఒక్కొక్కటీ విడిగా వినపడితే ఎకో లేదా డిలే. అన్నీ కలిసిపోయి మెల్లగా ఆరిపోతే రివర్బ్. శబ్దం 60 డీబీ పడిపోవడానికి పట్టే సమయాన్ని ఆర్‌టీ60 అంటారు.

ఈ లెక్కకి పునాది వేసింది ఒక కుర్ర లెక్చరర్. 1895లో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో పాఠం ఒక్క ముక్క అర్థం కావడం లేదని గోల. సంగతేమిటో చూడమని వాలెస్ సబీన్‌కి అప్పగించారు. ఆయన ఊరు సద్దుమణిగాక, పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, ఆర్గన్ గొట్టం ఒకటి మోగించి, ఆ మోత ఎంతసేపట్లో ఆరిపోతోందో గడియారం పట్టుకుని కొలిచాడు. ఖాళీ హాల్లో ఐదున్నర సెకన్లకు పైనే. అంటే ఒక మాట ఆరేలోపు ఇంకో పదిహేను మాటలు దాని మీద పడుతున్నాయి. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. గది ఎంత పెద్దది, అందులో ఎంత మెత్తదనం ఉంది అనే రెండు సంగతుల మీద ఆయన కట్టిన సూత్రమే ఇప్పటికీ వాడుకలో ఉంది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలుకి సలహాదారు ఆయనే.

మన ఏసీ ఫంక్షన్ హాళ్ల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. కింద గ్రానైటు, చుట్టూ అద్దాలు, నున్నటి సీలింగు. ఎంత ఖరీదు పెట్టి కడితే అంత గొల్లుమంటుంది. పురోహితుడి మంత్రం మొదటి వరసకే అర్థం కాదు. అలాంటి హాల్లో మిక్సర్ మీద ఇంకా రివర్బ్ పెట్టి ‘గొంతు బాగుంది’ అనిపించుకునే సౌండ్ ఆపరేటర్లకి దణ్ణం పెట్టాలి. గోడే కావలసినదానికన్నా ఎక్కువ ఇస్తున్నప్పుడు మెషీన్ మూసేయడమే పని.

స్టూడియోల్లో కృత్రిమంగా గదిని పుట్టించడం వెనక కూడా సరదా కథలున్నాయి. 1947లో చికాగోలో బిల్ పుట్నమ్ తన స్టూడియో బాత్రూమ్‌లో ఒక స్పీకర్, ఒక మైకు పెట్టి, హార్మోనికా బృందం వాయించినదాన్ని అక్కడ మోగించి రికార్డు చేశాడు. 1957లో జర్మనీ నుంచి ఈఎంటీ 140 వచ్చింది. వేలాడదీసిన పెద్ద ఉక్కు రేకు అదిరితే వచ్చే మోతనే రివర్బ్‌గా వాడేవారు. మొత్తం పెట్టె పావు టన్ను పైచిలుకు. ఇప్పుడు ఫలానా గుడి మండపంలో ఒక్క టప్పుమనే శబ్దం చేసి, దాని తోక రికార్డు చేసుకొస్తే చాలు. కన్వల్యూషన్ అనే లెక్కతో ఏ గొంతునైనా ఆ మండపంలో నిలబెట్టొచ్చు. గోల్కొండ ప్రవేశద్వారం గుమ్మటం కింద గైడ్లు కొట్టే చప్పట్లు కిలోమీటరు దూరంలోని బాలాహిసార్ మీద వినపడతాయి కదా, అక్కడికి మైకులు పట్టుకెళ్తే మన దగ్గరే ఎంత సరుకుందో.

డైలాగ్‌కి రివర్బ్ పెట్టేటప్పుడు ప్రీడిలే అనే చిన్న నాబ్‌ని మరవకూడదు. మాట మొదలైన 20, 30 మిల్లీసెకన్ల తర్వాత గానీ తోక మొదలుకాకుండా ఆపుతుంది. హల్లు ముందు శుభ్రంగా చెవినపడుతుంది, గది వెనకాల వస్తుంది.

రెండు మైకులు, ఒక నోరు

నాయకుల ప్రెస్‌మీట్లలో బల్ల మీద మైకుల గుత్తి చూస్తుంటాం. ఏ ఛానల్ మైకు ఆ ఛానల్‌కే పోతుంది కాబట్టి గొడవ లేదు. రెండు మైకుల్ని ఒకే మిక్సర్‌లో కలిపితేనే తంటా. నోటి నుంచి ఒకటి 34 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే మాట దానికి ఒక మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాని మిట్ట, ఇంకోదాని పల్లం ఎదురుపడి చెల్లుకు చెల్లు అయిపోతాయి. గొంతు డొల్లగా మారుతుంది. ఇదే ఫేజ్ తగువు. మృదంగానికి రెండు పక్కలా మైకులు పెట్టి ‘తొప్పి వైపు గుమికి ఎక్కడ పోయింది’ అని వెతుక్కునేవాళ్లు ఒక ఛానల్‌లో పొలారిటీ మీట నొక్కి చూస్తే చాలాసార్లు దొరికేస్తుంది.

పాన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. శబ్దాన్ని ఎడమకీ కుడికీ జరిపే నాబ్. మాటని నడిమధ్యలో ఉంచి, వీణనో గిటార్‌నో పక్కకి జరిపితే అదీ ఒక రకంగా చోటు ఇవ్వడమే.

పాటల వైపు వెళ్తే పిచ్ కరెక్షన్ తగులుతుంది. 1997లో ఆటోట్యూన్ తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కోసం భూమి లోపలికి పంపిన తరంగాల ప్రతిధ్వనులు లెక్కకట్టే పని చేసేవాడు. ఆ లెక్కల్నే గొంతు మీదికి మళ్లించాడు. తప్పిన స్వరాన్ని దగ్గర్లోని సరైన మెట్టు మీద కూర్చోబెడుతుంది. మన సంగీతానికి అదే ముప్పు. గమకమంటే మెట్టుకీ మెట్టుకీ మధ్య ఊగడం. సాఫ్ట్‌వేర్‌కి ఆ ఊగుడు తప్పులా కనిపించి చదును చేసేస్తుంది. దిద్దే వేగం బాగా తగ్గించి, అసలు అపశ్రుతి ఉన్న ఒకటి రెండు అక్షరాల మీదే వాడేవాళ్లు తెలిసినవాళ్లు.

థియేటర్ నుంచి హాలుకి

ఇక మొదట్లో చెప్పుకున్న రిమోట్ కుస్తీ. 1932లో ‘భక్త ప్రహ్లాద’ మాట్లాడిన దగ్గర్నుంచి దశాబ్దాలపాటు మన సినిమాకి శబ్దమంతా తెర వెనక ఒకే చోటు నుంచి వచ్చేది. 1986లో కృష్ణ ‘సింహాసనం’ 70 ఎంఎంలో, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ సౌండ్‌తో తీశారు. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్‌తో ఒక్కో శబ్దాన్నీ హాల్లో, నెత్తి మీద కూడా, కావాల్సిన చోట పెట్టే వీలొచ్చింది. ఏకకాలంలో 128 ట్రాకుల వరకు నడపొచ్చు. ఈ డాల్బీ కథలో మన దేశానికీ ఒక పేజీ ఉంది. రే డాల్బీ 1960ల మొదట్లో యునెస్కో సలహాదారుగా వచ్చి చండీగఢ్‌లో పనిచేశాడు. 1965లో లండన్ వెళ్లి కంపెనీ పెట్టాడు. మెల్లని శబ్దాన్ని టేపు మీదికి ఎక్కించేటప్పుడు పెంచి, వినిపించేటప్పుడు అంతే దించితే, దానితోపాటు టేపు హిస్సు కూడా దిగిపోతుందన్నదే ఆయన మొదటి కిటుకు. పాత టేప్‌రికార్డర్ల మీద ‘డాల్బీ ఎన్‌ఆర్’ మీట గుర్తుందా, అదే.

థియేటర్‌లో డైలాగ్‌కి తెర మధ్యలో విడిగా ఒక స్పీకర్ ఉంటుంది. సంగీతం, ఎఫెక్ట్స్ ఎక్కువగా మిగతావాటిలో. మిక్సింగ్ కూడా అంత పెద్ద హాల్లో, అంత గట్టిగా వినే లెక్కతోనే జరుగుతుంది. ఇంటికొచ్చేసరికి టీవీకి రెండే స్పీకర్లు, అవీ వెనక గోడ వైపో కిందికో తిరిగి ఉంటాయి. మధ్య స్పీకర్ మాటని 3 డీబీ దించి రెంటిలోనూ కలిపేస్తారు. విడిగా ఉన్న మాట మళ్లీ గుంపులో పడుతుంది. పైగా థియేటర్లో గుసగుస కూడా వినపడేంత నిశ్శబ్దం ఉంటుంది, ఇంట్లో కుక్కర్ విజిల్, వీధిలో బండి. అందుకే ఇంటికోసం విడిగా మిక్స్ చేయాలి. ఓటీటీలు కూడా అదే అడుగుతాయి. నెట్‌ఫ్లిక్స్ అయితే సినిమా మొత్తంలో మాట సగటున మైనస్ 27 దగ్గర ఉండాలని నియమం పెట్టింది. కొలిచేది మోతని కాదు, మాటని. ఇంట్లోవాళ్లు చేసుకోగలిగిందీ ఉంది: టీవీ సెట్టింగ్స్‌లో నైట్ మోడ్, క్లియర్ వాయిస్ లాంటి పేర్లతో ఉండేవి కంప్రెసర్, ఈక్యూలే. ఆన్ చేసి చూడండి.

పాటల్లో గొడవ వేరు. ఎవరి పాట గట్టిగా వినపడితే వాళ్లదే బాగుందనిపిస్తుందని లిమిటర్‌తో, అంటే గీత దాటనివ్వని కంప్రెసర్‌తో, నొక్కి నొక్కి సున్నా దాకా నింపేశారు. లౌడ్‌నెస్ వార్ అన్నారు దీన్ని. తర్వాత చెవికి అనిపించే గట్టిదనాన్నే కొలిచే పద్ధతి వచ్చింది, ఎల్‌యూఎఫ్‌ఎస్ అంటారు. స్పాటిఫై మామూలుగా అన్ని పాటల్నీ మైనస్ 14కి తెచ్చి వినిపిస్తుంది. నొక్కి పెంచినదాన్ని వాళ్లు దించేస్తారు. ఎగుడుదిగుళ్లు పోగొట్టుకున్నది చదునుగానే మిగులుతుంది.

మిక్స్ పూర్తయ్యాక పరీక్షించే తీరు చాలామందిది ఒకటే. వాల్యూమ్ బాగా తగ్గించి వింటారు, ఆ స్థాయిలో కూడా మాట తెలియాలి. ఫోన్ స్పీకర్‌లో వింటారు, కారులో వింటారు. ఇవన్నీ మంచివే. కానీ ఫైనల్ మిక్స్ గదిలో కూర్చున్న దర్శకుడికి, ఎడిటర్‌కి, ఇంజినీర్‌కి ఆ డైలాగ్ అప్పటికే కంఠతా వచ్చేసి ఉంటుంది. తెలిసిన మాట ఎంత మోతలో ఉన్నా వినపడుతుంది, లోపం వాళ్లకి తట్టదు. కథ తెలియని మనిషిని, కాఫీ తెచ్చిన కుర్రాడైనా సరే, కూర్చోబెట్టి ఒక్కసారే వినిపించి ‘ఏమన్నాడు?’ అని అడగాలి. చెప్పలేకపోతే డైలాగ్ ఫేడర్ ముట్టుకోకుండా సంగీతం ఫేడర్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.